నీనా కూకా ఎవరు? ఒక మెక్సికన్ కుటుంబం మూలాలు వెతికిన కేసు

కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో నర్సుగా పనిచేసే ఒకావిడ నా దగ్గరికి మూడు వస్తువులు పట్టుకొచ్చింది. వాళ్ల ముత్తాత పోయినప్పుడు చర్చిలో పంచిన చిన్న ప్రార్థన కార్డు, అంచులు చిరిగిన ఒక పెళ్లి ఫొటో, 1942 నాటి మిలిటరీ రిజిస్ట్రేషన్ కార్డు జిరాక్స్. "మాది గ్వాదలహారా అండీ. ముత్తాత ఫ్రెంచి సైనికుడి మనవడట. కళ్లు ఆకుపచ్చగా ఉండేవి" అంది. పద్నాలుగు నెలల తర్వాత తేలిందేమిటంటే, ఇందులో కళ్ల రంగు ఒక్కటే నిజం.

నేను తెనాలి వైపు నుంచి వచ్చినవాణ్ణి. మెక్సికో వంశవృక్షాలతో నీకేం పని అని మావాళ్లే అడుగుతుంటారు. ఫ్రెస్నో చుట్టుపక్కల సుమారు సగం మంది జనం ఆ మూలాలవాళ్లే. లైబ్రరీలో డెస్కు దగ్గర కూర్చున్న రోజుల్లో వాళ్లే వచ్చి "మా తాత ఊరు వెతికిపెట్టండి" అని అడిగేవారు. అలా స్పానిష్ నేర్చుకున్నాను, పాత చేతిరాతలు చదవడం నేర్చుకున్నాను, చివరికి అదే వృత్తి అయింది. ఈ కేసు రాయడానికి కుటుంబం ఒప్పుకుంది. ఇంటిపేర్లు, వాళ్ల రాంచో (పొలాల మధ్య చిన్న పల్లె) పేరు మాత్రం రాయొద్దన్నారు, రాయడం లేదు.

మొదట కాగితాలు పక్కన పెట్టి అమ్మమ్మగారిని కలవాలన్నాను. క్లయింటుకి అమ్మమ్మ, అంటే ఆ ముత్తాతకి చిన్న కూతురు. కాలిఫోర్నియాలోనే పుట్టారు, వయసు 88. మెక్సికోకి జీవితంలో రెండుసార్లే వెళ్లారు. "మీ నాన్నగారిది ఏ ఊరు?" అంటే "గ్వాదలహారా" అన్నారు. ఇది నేను ఎప్పుడూ వినే జవాబే. మెక్సికోలోని హలిస్కో రాష్ట్రంలో ఏ మూలనుంచి వచ్చినవాళ్లైనా అమెరికాలో అడిగితే రాష్ట్ర రాజధాని గ్వాదలహారా పేరే చెబుతారు. అమెరికాలో మనల్ని అడిగితే బాపట్ల వాళ్లం కూడా హైదరాబాద్ అనేసినట్టే. అందుకని ఊరు అడగడం మానేసి పండగ అడిగాను. "నాన్నగారు చిన్నప్పుడు ఏ తిరునాళ్లకి వెళ్లేవారు?"

వెంటనే ముఖం వెలిగింది. "కందెలారియా! చీకటితో బయలుదేరి నడుచుకుంటూ సాన్ హువాన్ వెళ్లేవాళ్లట. మధ్యాహ్నానికల్లా మరియమ్మ దగ్గర ఉండేవాళ్లట."

ఒక్క మాటతో మ్యాప్ కుదించుకుపోయింది. కందెలారియా అంటే ఫిబ్రవరి 2. సాన్ హువాన్ అంటే సాన్ హువాన్ దె లోస్ లాగోస్. 1623లో అక్కడ జరిగిందని చెప్పే అద్భుతం తర్వాత ఆ చిన్న మరియమ్మ విగ్రహం కోసం మెక్సికో నలుమూలల నుంచీ జనం నడిచి వస్తారు. ఎన్నో రోజులు నడిచి వచ్చేవాళ్లున్నారు. పొద్దున బయలుదేరి మధ్యాహ్నానికి చేరారంటే ఇరవై, పాతిక కిలోమీటర్ల లోపు ఊరు. అంటే లోస్ ఆల్తోస్, హలిస్కోకి ఈశాన్యంలో ఉండే ఎర్రమట్టి పీఠభూమి.

అదే సాయంత్రం ఆవిడ మరో మూడు మాటలు చెప్పారు. అప్పటికి వాటిని పనికిమాలినవనుకుని నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకున్నాను. ఒకటి: నాన్నగారు ప్రతి క్రిస్మస్‌కీ "నీనా కూకా"కి డబ్బు పంపేవారు. రెండు: నాయనమ్మ పేరు తెలియదు, అందరూ "మామా గ్రాందె" అనేవారు, అంటే పెద్దమ్మగారు అన్నట్టు. మూడు: నాన్నగారి తాత పెళ్లి చేసుకోవడం కోసం గుడికి రాళ్లు మోశాడట, ఏడాది పాటు. ఇంట్లో అది జోకులా చెప్పుకునేవాళ్లట: "మీ అమ్మకి అంత విలువుందిరా, రాళ్లు మోసి తెచ్చుకున్నాను."

మిలిటరీ కార్డు సంగతి. 1942 ఏప్రిల్ 27న అమెరికాలో 45 నుంచి 64 ఏళ్ల మగవాళ్లందరి పేర్లూ రాసుకున్నారు, పౌరసత్వం లేనివాళ్లవి కూడా. ముత్తాత పేరు అందులో జెస్సీ అని ఉంది. ఇంట్లో చూయ్ అనేవారు. రెండూ హెసూస్ అనే పేరుకు వచ్చిన రూపాలే. పుట్టిన రోజు డిసెంబర్ 25 అని చెప్పుకున్నాడు, యేసు పేరున్నవాడు కాబట్టి. పుట్టిన ఊరు దగ్గర గుమాస్తా చెవికి విన్నది విన్నట్టు రాశాడు: జె ఉండాల్సిన చోట హెచ్ పెట్టి "హాలోస్". క్లయింటు ఆ స్పెల్లింగుతో మ్యాపులన్నీ గాలించి ఏళ్ల తరబడి విసిగిపోయింది. హాలొస్తొతిత్లాన్ అనే ఊరిని అక్కడివాళ్లు హాలోస్ అంటారు. సాన్ హువాన్‌కి సుమారు ఇరవై కిలోమీటర్లు. పండగ కథకీ కార్డుకీ లెక్క సరిపోయింది. తర్వాత దొరికిన 1919 నాటి ఎల్ పాసో సరిహద్దు కార్డు (అమెరికాలోకి వచ్చేటప్పుడు రాసుకున్నది) దాన్ని ఖాయం చేసింది. దగ్గరి బంధువు గడిలో తండ్రి పేరు, రాంచో పేరు, హాలొస్తొతిత్లాన్ అని పూర్తి స్పెల్లింగు. 1917 చట్టం ప్రకారం అప్పుడు తలకి ఎనిమిది డాలర్లు కట్టి, చదవడం వచ్చని చూపించాకే లోపలికి వదిలేవారు. రాంచోలో పెరిగిన పాతికేళ్ల కుర్రాడికి చదువు వచ్చింది. అది కూడా కుటుంబానికి కొత్త విషయమే.

ఇద్దరు హెసూస్‌లు

మెక్సికోలో ప్రభుత్వ జనన మరణాల రిజిస్టర్లకి మూలం 1859 జూలై 28న బెనీతో హువారెస్ ప్రభుత్వం తెచ్చిన చట్టం. చట్టం ఉన్నంత మాత్రాన రాంచోల్లో ఉండే కతోలికులు బిడ్డ పుట్టగానే ప్రభుత్వ ఆఫీసుకి పరిగెత్తలేదు. గుడికి మాత్రం మూడు నాలుగు రోజుల్లో తీసుకెళ్లేవారు. జ్ఞానస్నానం (బాప్తిస్మం) లేకుండా బిడ్డ చనిపోతే ఎలా అన్న భయం ఉండేది. అందుకే ఈ పనిలో అసలు గని విచారణ పుస్తకాలే. పారిష్‌ని అంటే ఒక చర్చి పరిధిని, మన తెలుగు కతోలికులు విచారణ అంటారు కదా, నేనూ ఆ మాటే వాడతాను. 1563లో కతోలిక చర్చి ట్రెంట్ మహాసభ ప్రతి విచారణలోనూ జ్ఞానస్నానాలు, పెళ్లిళ్లు రాసి ఉంచాలని ఆదేశించింది. ఆ అలవాటు సముద్రం దాటి మెక్సికోకీ వచ్చింది. 1952 నుంచి యూటా వంశవృక్ష సంఘం వాళ్లు మెక్సికోలో ఊరూరా తిరిగి ఆ పుస్తకాల్ని మైక్రోఫిల్మ్ తీశారు. ఇవాళ వాటి ఫొటోలు వాళ్ల వెబ్‌సైట్ ఫ్యామిలీసెర్చ్‌లో ఉచితంగా చూడొచ్చు. కొన్ని మాత్రం వాళ్ల సెంటర్లకు వెళ్తేనే తెరుచుకుంటాయి.

ఇండెక్సులో పేరు కొట్టి వెతకడం మొదటి అడుగే, చివరి అడుగు కాదు. ఇండెక్సులో క్లయింటు ముత్తాత దొరకలేదు. పేజీ పేజీ తిరగేస్తే 1894లో ఇద్దరు దొరికారు. ఇద్దరూ హోసె దె హెసూస్‌లే, ఇంటిపేరూ ఒకటే. తండ్రి మొదటి పేరు ఇద్దరికీ హోసె. ఒకడు ఫిబ్రవరిలో, ఇంకొకడు నవంబర్‌లో. తల్లుల పేర్లు వేరు, కానీ మనకు తెలిసింది "మామా గ్రాందె" మాత్రమే. డిసెంబర్ 25కి దగ్గర కదా అని నవంబర్ వాణ్ణి ఎంచుకోవచ్చు. అలాంటి ఊహలతో కట్టిన వంశవృక్షాలు ఆన్‌లైన్‌లో కుప్పలుగా ఉన్నాయి.

నవంబర్ ఎంట్రీని దాదాపు ఉన్నదున్నట్టు చెబుతాను, ఎందుకంటే ప్రతి మాటకీ పనుంది. "ఈ విచారణ దేవాలయంలో 1894 నవంబర్ 14న, ఫలానా రాంచోలో మూడు రోజుల కిందట పుట్టిన మగబిడ్డకు ఘనంగా జ్ఞానస్నానం చేయించి, పరిశుద్ధ తైలం పూసి, హోసె దె హెసూస్ అని పేరు పెట్టాను. ఫలానా దంపతుల సక్రమ సంతానం. తండ్రి వైపు తాతా మామ్మలు ఫలానా, తల్లి వైపు ఫలానా. జ్ఞానతల్లిదండ్రులు ఫలానా, ఇంకా మరియ దెల్ రెఫూహియో. వారికి వారి బాధ్యతనూ ఆత్మ సంబంధమైన చుట్టరికాన్నీ తెలియజేశాను."

మరియ దెల్ రెఫూహియో. మెక్సికోలో రెఫూహియో అనే పేరుకి ముద్దుపేరు కూకా. నీనా అంటే జ్ఞానతల్లి, జ్ఞానస్నానం రోజు బిడ్డ బాధ్యత తీసుకుని పక్కన నిలబడే ఆవిడ.

నోట్‌బుక్ చివరి పేజీ తీసి చూశాను. నీనా కూకా! ఫిబ్రవరి బిడ్డ జ్ఞానతల్లి పేరు వేరే. పైగా కూకా ఇంటిపేరు, బిడ్డ తల్లి పుట్టింటి పేరు ఒకటే. అంటే బహుశా ఆవిడ పిన్నో పెద్దమ్మో కూడా. మెక్సికోలో బిడ్డ తల్లిదండ్రులూ జ్ఞానతల్లిదండ్రులూ ఒకరికొకరు కొంపాద్రే, కొమాద్రే అవుతారు. పెళ్లి లేకుండా వియ్యం అందుకున్నట్టు. ఆ బంధం ఎంత గట్టిదంటే, సముద్రమంత దూరం లేకపోయినా ఒక ఎడారీ ఒక సరిహద్దూ దాటి వచ్చినవాడు ముప్పై ఏళ్లు డబ్బు పంపేంత. రాంచో పేరు సరిహద్దు కార్డుతో సరిపోయింది. ఈ ముత్తాత మనవాడే.

ఈ పనిలో నేను మొదట చూసేది జ్ఞానతల్లిదండ్రుల్ని, సాక్షుల్ని. పేర్లని కాదు. ఒక విచారణలో వందమంది హోసెలు, రెండొందల మంది మరియలు, పది ఇంటిపేర్లు ఉంటే పేరు మనిషిని పట్టివ్వదు. పక్కన నిలబడ్డది ఎవరో చూస్తే పట్టిస్తుంది.

ఎనిమిది అంటే ఆగస్టు కాదు

అసలు గోడ తర్వాతి మెట్టులో తగిలింది. ముత్తాత తండ్రి 1858లో పుట్టాడు, ఆ ఎంట్రీ సులభంగానే దొరికింది. ఫ్రెంచి సైన్యం మెక్సికోలో దిగింది 1862లో, వెనక్కి పోయింది 1867లో. కాబట్టి ఆకుపచ్చ కళ్లకీ ఫ్రెంచి సైనికుడికీ సంబంధం లేదు. లోస్ ఆల్తోస్‌లో తెల్లతోలు, రంగు కళ్లు ఉన్న ప్రతి ఇంట్లోనూ ఈ కథ వినబడుతుంది. పుస్తకాలు వెనక్కి తిప్పితే అవే ఇంటిపేర్లు ఫ్రెంచివాళ్లు రావడానికి వందేళ్ల ముందు నుంచీ కనబడుతుంటాయి.

ముత్తాతకి తాత, అంటే రాళ్లు మోసిన మనిషి, ఎవరన్నదే చిక్కు. 1857 పెళ్లి ఎంట్రీ దొరికింది. అందులో వరుడు "విధురుడు" అని ఉంది. ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు. మొదటి పెళ్లి అయితే ఎంట్రీలో తల్లిదండ్రుల పేర్లు రాస్తారు. భార్య పోయిన మగవాడికి, భర్త పోయిన ఆడమనిషికి రెండో పెళ్లి అయితే మామూలుగా తల్లిదండ్రుల పేర్లు రాయరు. చనిపోయిన భాగస్వామి పేరు, ఎక్కడ ఖననం చేశారు, ఎన్నాళ్లైంది అని రాస్తారు. పైగా అదే విచారణలో అదే పేరుతో ఇంకో మనిషి ఉన్నాడు. ఒకడు రాంచోలో, ఇంకొకడు ఊళ్లో. ఆన్‌లైన్‌లో ఉన్న ఒక పెద్ద వంశవృక్షం ఇద్దర్నీ ఒకే మనిషిగా అతికించేసి, ఒకాయనకు పదహారుమంది పిల్లల్ని అంటగట్టింది. వాళ్లలో ఇద్దరు నాలుగు నెలల తేడాలో పుట్టారు. ఎవరికీ అనుమానం రాలేదు.

దారి తెలిసిందే. చనిపోయిన భార్య ఖననం ఎంట్రీ, అక్కడినుంచి మొదటి పెళ్లి, మొదటి పెళ్లిలో తల్లిదండ్రుల పేర్లు. ఖననం ఎంట్రీ 1854లో దొరికింది. తేదీ "15, 8" అని ఉంది, ఎనిమిది పక్కన పైకెత్తి రాసిన రెండు మూడు అక్షరాలు. ఆగస్టు 15 అని నోట్ చేసుకున్నాను. అదే దంపతులకు 1854 సెప్టెంబర్‌లో ఒక ఆడపిల్లకు జ్ఞానస్నానం జరిగింది. ఆగస్టులో చనిపోయిన తల్లి సెప్టెంబర్‌లో బిడ్డని ఎలా కంటుంది? కాబట్టి ఈవిడ ఊళ్లోవాడి భార్య, రాంచోవాడి భార్య కాదు అని తీర్మానించేసి, ఊళ్లోవాడి వెనక మూడు నెలలు తిరిగాను. బిల్లు కూడా వేశాను. ఆ గంటల డబ్బు తర్వాత వెనక్కిచ్చేశాను.

తప్పు పట్టింది షికాగోలో ఉండే ఒక రిటైర్డ్ పోస్టల్ ఉద్యోగి. ఆయన పూర్వీకులూ ఇదే విచారణ వాళ్లు. ఇరవై ఏళ్లుగా ఈ పెళ్లి పుస్తకాల్ని ఒక్కొక్క ఎంట్రీ చదివి ఎక్సెల్‌లో ఎక్కిస్తున్నాడు, అడిగినవాళ్లకి ఉచితంగా పంపిస్తాడు. ఆయనకి నా ఖననం ఎంట్రీ ఫొటో పంపి ఒక ఇంటిపేరు చదవమని అడిగాను. ఇంటిపేరు చెప్పి, కింద ఒక వాక్యం జోడించాడు: "అన్నట్టు అది అక్టోబర్, మీరు ఆగస్టు అని రాశారు."

పాత గుమాస్తాలు నెలల పేర్లు కుదించి రాసేవారు. లాటిన్ లెక్కలో సెప్టెంబర్ అంటే ఏడు, అక్టోబర్ ఎనిమిది, నవంబర్ తొమ్మిది, డిసెంబర్ పది. కాబట్టి ఏడు అంకె వేసి పక్కన "బ్రె" అని రాస్తే సెప్టెంబర్, ఎనిమిది వేస్తే అక్టోబర్. డిసెంబర్‌కి రోమన్ పది, ఎక్స్ వేస్తారు. నాకు తెలియని విషయం కాదిది, కొత్తగా నేర్చుకునేవాళ్లకి నేనే చెబుతుంటాను. 1854 అంటే బాగా దగ్గరి కాలం కదా, ఇంకా ఆ పాత అలవాటు ఉంటుందా అని కన్ను దాటేసింది. అక్టోబర్ అనగానే కథ తిరగబడింది. సెప్టెంబర్‌లో బిడ్డ, అక్టోబర్‌లో తల్లి మరణం. ఖననం ఎంట్రీలో కారణం "కాన్పు" అనే ఉంది. అది చదివి కూడా పట్టించుకోలేదు నేను.

ఆయనకి బదులుగా ఏమివ్వాలి? డబ్బు తీసుకోడు. నేను ఈ కేసు కోసం తీసిన జ్ఞానస్నానాల ఎంట్రీలన్నీ, ఈ కుటుంబానికి సంబంధం లేనివి కూడా, ఫిల్మ్ నంబరూ ఇమేజ్ నంబరూతో సహా ఆయన షీటులో ఎక్కించాను. ఇమేజ్ నంబరు లేకుండా ఇచ్చే సమాచారం పుకారుతో సమానం అంటాడాయన. ఈ విషయంలో పట్టుదల మనిషి.

రాళ్లు మోసిన కథ

మొదటి పెళ్లి 1852 నాటిది. తల్లిదండ్రుల పేర్లు దొరికాయి. ఇక మామూలుగా ఒక్కో తరం వెనక్కి వెళ్లొచ్చు. కానీ నా మనసంతా ఆ రాళ్ల మీదే ఉంది. పెళ్లి కోసం గుడికి రాళ్లు ఎందుకు మోస్తారు? మనకైతే తట్టదుగానీ, కతోలిక చట్టం తెలిసినవాళ్లకి ఒకటే తడుతుంది. దగ్గరి చుట్టరికంలో పెళ్లి.

మనం మేనరికాన్ని వరస కలిసిందని ముచ్చటపడతాం. అక్కడ అదే అడ్డంకి. 1215 నుంచి 1917 దాకా కతోలిక చట్టంలో నాలుగో మెట్టు వరకూ చుట్టాల మధ్య పెళ్లి కూడదు, బిషప్ ప్రత్యేక అనుమతి ఇస్తే తప్ప. మెట్లు లెక్కపెట్టే తీరు ఇది: తోబుట్టువులు మొదటి మెట్టు, వాళ్ల పిల్లలు రెండో మెట్టు, వాళ్ల మనవలు మూడో మెట్టు, మునిమనవలు నాలుగో మెట్టు. మన బావామరదళ్ల పెళ్లి వాళ్ల లెక్కలో రెండో మెట్టు. మేనమామని చేసుకుంటే "రెండు, ఒకటితో" అని రాస్తారు. అనుమతి కోసం పెట్టుకునే అర్జీలో చుట్టరికం ఎలాగో రుజువు చేయాలి. అందుకే ఒక చెట్టు బొమ్మ గీస్తారు. పైన ఉమ్మడి పూర్వీకులు, ఎడమ కొమ్మ వరుడిది, కుడి కొమ్మ వధువుది. వంశవృక్షం పనిలో ఉన్నవాడికి అంతకన్నా పండగ లేదు.

హాలోస్ ఇవాళ సాన్ హువాన్ దె లోస్ లాగోస్ మేత్రాసనం (ఒక బిషప్ పరిధి) కిందికి వస్తుంది. కానీ ఆ మేత్రాసనం పుట్టింది 1972లో. 1857లో అర్జీలు వెళ్లింది గ్వాదలహారా బిషప్‌కి. ఆ ఫైళ్లూ అక్కడివే. ఇప్పటి పరిపాలన మ్యాప్ చూసి వెతికితే దొరకవు, ఆనాటి మ్యాప్ చూడాలి. ఆ రకంగా "మాది గ్వాదలహారా" అన్న మాటలో ఒక్క కాగితం మేరకు నిజం ఉంది.

గ్వాదలహారా అనుమతుల ఫిల్ములు చాలావరకు ఇండెక్సు లేకుండా ఉన్నాయి. 1857 ఫైళ్లు ఒక్కొక్కటీ తిప్పుకుంటూ వెళ్లాను, రాత్రిళ్లు, కాఫీ మీద కాఫీ. పదకొండో రోజు దొరికింది. తొమ్మిది పేజీలు. మూడో మెట్టు నాలుగోదానితో, అంటే వరుడు ఉమ్మడి జంటకి మునిమనవడు, వధువు ఇంకో తరం కింద. చెట్టు బొమ్మ రెండో పేజీలో, గుండ్రటి గడుల్లో పేర్లతో. పైన ఉన్న జంట 1740ల్లో పుట్టి ఉండాలి. ఒక్క కాగితం వందేళ్లు వెనక్కి తీసుకెళ్లిపోయింది.

అనుమతి ఎందుకివ్వాలో కారణాలు రాశారు. చిన్న చోటు, ఎటు చూసినా చుట్టాలే. అమ్మాయికి ఇరవై నాలుగు దాటాయి, తండ్రి లేడు, పేదరికం. వరుడి ఇంట్లో తల్లి లేని చంటిపిల్ల ఉంది. ఆ పిల్లే 1854 సెప్టెంబర్ పిల్ల. ఆ వాక్యం దగ్గర కాసేపు ఆగిపోయాను. మూడు నెలలు ఆ పిల్లని వేరే ఇంటికి అంటగట్టి తిరిగాను మరి.

తర్వాతి పేజీల్లో సాక్షులు. రాంచోలోని ముసలివాళ్లు ముగ్గురు, సంతకం రాదన్నవాళ్లే. ప్రమాణం చేసి, వరుడి ముత్తాత ఎవరు, ఆయన తోబుట్టువులెవరు, ఎవరెవరికి పుట్టారు అని నోటితో అప్పజెప్పారు. గుమాస్తా రాసుకున్నాడు. చిన్నప్పుడు మా ఊరికి వంశరాజులు వచ్చి అరుగు మీద కూర్చుని ఇంటింటి గోత్రాలూ తాతముత్తాతల పేర్లూ గుక్క తిప్పుకోకుండా చదివేవారు. అది గుర్తొచ్చింది. నేను సాక్షుల మాటల్ని జ్ఞానస్నానం పుస్తకాలతో సరిచూశాను. ముగ్గురిలో ఒకాయన ఒక అక్క పేరు మార్చి చెప్పాడు, మిగతాదంతా కరెక్టు.

చివరి పేజీ బిషప్ కార్యాలయం నుంచి వచ్చిన జవాబు. అనుమతి ఇచ్చారు. ప్రాయశ్చిత్తంగా ఇద్దరూ పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) చేయాలి, ఇన్ని జపమాలలు చెప్పాలి, వరుడు ఆదివారాలు విచారణ దేవాలయం పనికి కూలి లేకుండా రావాలి.

పుస్తకంలో రాసిన కులం

పై జంట పెళ్లి 1760ల పుస్తకంలో దొరికింది. అక్కడ ఇంకో సంగతి బయటపడింది. స్పెయిన్ పాలనలో విచారణ పుస్తకాల్లో మనిషి పక్కన జాతి రాసేవారు: ఎస్పాన్యోల్ (స్పెయిన్ మూలాలవాళ్లు), ఇందియో (స్థానిక తెగలవాళ్లు), మెస్తీసో (ఆ రెండూ కలిసినవాళ్లు), ములాతో (ఆఫ్రికా మూలాలు కలిసినవాళ్లు), కొయోతె (మరో మిశ్రమం) ఇలా. కొన్ని చోట్ల పుస్తకాలే వేరువేరు. స్వాతంత్ర్యం వచ్చాక 1822 సెప్టెంబర్ 17న వెలువడిన ఉత్తర్వుతో ఆ రాత ఆగింది. మా జంటలో ఆయన పక్కన ఎస్పాన్యోల్ అని, ఆవిడ పక్కన "స్వేచ్ఛ గల ములాతా" అని ఉంది. అంటే ఆఫ్రికా మూలాలున్న మనిషి, బానిస కాదు. పెద్దబిడ్డ జ్ఞానస్నానంలో ములాతో. రెండో బిడ్డ మెస్తీసో. చివరివాడు ఎస్పాన్యోల్. అమ్మా నాన్నా వాళ్లే. పుస్తకం నింపిన చర్చి గురువు మారాడు, కుటుంబానికి నాలుగు పశువులు కూడి ఉంటాయి, అంతే. మన దగ్గర కులం కోసం తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరిగి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. అక్కడ గురువు కంటికి ఎలా కనిపిస్తే అలా రాసేవాడు. అందుకే ఒక్క ఎంట్రీ చూసి ఎవరి జాతీ తేల్చకూడదు, తోబుట్టువులందరివీ తీయాలి.

క్లయింటుకి ఫోన్‌లో కాదు, ఎదురుగా కూర్చుని చెప్పాను. లోస్ ఆల్తోస్ వాళ్లకి మేం అచ్చమైన స్పెయిన్ వాళ్లం అన్న గర్వం బాగా ఉంటుంది. ఆవిడ చాలాసేపు ఆ పేజీ చూసింది. "ఈవిడ పేరు ఒకసారి చదవండి" అంది. చదివాను. "మా ఇంట్లో ఈ పేరు ఎవరికీ పెట్టలేదు" అంది. అంతకన్నా ఏమీ అనలేదు. నెల తర్వాత ఆ పేరు ఫ్రేమ్ కట్టించి పంపమని మెసేజ్ పెట్టింది.

డీఎన్‌ఏ గురించి అడిగేవాళ్ల కోసం నాలుగు మాటలు. క్లయింటు టెస్టు చేయించుకుంది, ఒక మ్యాచ్ మూడో తరం కజిన్ లాగా కనబడింది. ఇలా తరతరాలుగా చుట్టాల్లోనే పెళ్లిళ్లు చేసుకున్న ప్రాంతంలో ఇద్దరి మధ్య ఉమ్మడి డీఎన్‌ఏ ఉన్నదానికన్నా దగ్గరి చుట్టరికంలా కనబడుతుంది, ఎందుకంటే నాలుగైదు దారుల్లో చుట్టాలు. కాగితాలతో చూస్తే వాళ్లిద్దరూ ఐదో తరం, ఆరో తరం, రెండు రకాలుగానూ కజిన్లే. డీఎన్‌ఏని ఇక్కడ నేను సాక్షిగా పిలుస్తాను, జడ్జిగా కాదు.

ఆన్‌లైన్ వంశవృక్షంలో పదహారుమంది పిల్లల తండ్రిని రెండుగా విడగొట్టాను. వారంలో ఎవరో మళ్లీ అతికించారు. 1854 ఖననం ఎంట్రీ, 1857 ఫైలు ఫొటోలు జతచేసి మళ్లీ విడగొట్టాను. ఇప్పటికైతే విడిగానే ఉన్నారు.

ఫైలంతా ప్రింటు తీసి, అనువాదంతో అమ్మమ్మగారి దగ్గరికి వెళ్లాం. చెట్టు బొమ్మ పెద్దగా పట్టించుకోలేదావిడ. నీనా కూకా పేరున్న ఎంట్రీని చేత్తో తడిమి చూశారు. తర్వాత చివరి పేజీ చదవమన్నారు. ప్రాయశ్చిత్తం దగ్గరికి వచ్చాను: "రెండు నెలల పాటు, ఆదివారాలు..."

"ఎన్ని?"

"రెండు నెలలు, దోన్యా."

"ఆదివారాలు మాత్రమేనా?"

"అవునండీ."

ఆవిడ కళ్లజోడు తీసి, మనవరాలి వైపు తిరిగి, "ఏడాదన్నాడే మా నాన్న!" అని పగలబడి నవ్వారు. "ఎనిమిది ఆదివారాలకి ఇన్నేళ్లు గొప్పలు చెప్పుకున్నారా ఈ మగవాళ్లు!"